త్రీ నాట్ త్రీ బట్ కొంటున్నారా? ముద్ర చూసి డబ్బు ఇవ్వకండి

తిరుపతి, చిత్తూరు వైపు పాత మిలిటరీ వస్తువులు సేకరించేవాళ్ళు జాగ్రత్త. త్రీ నాట్ త్రీ (.303 లీ-ఎన్‌ఫీల్డ్) రైఫిల్‌ది అంటూ ఒక చెక్క బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, ఇక్కడ అమ్మకానికి తిరుగుతోంది. నాకు రూ.8,000 చెప్పారు. ఇంకెవరో తీసుకుపోతారని తొందరపెట్టి రూ.2,000 అడ్వాన్స్ కూడా తీసుకున్నారు. సరుకు చూశాక వద్దంటే, "మిలిటరీ సరుకు సార్, మీకు తెలియదు" అని డబ్బు ఎగ్గొట్టారు. ఇంకొకాయనకు ఇదే ముక్కను హైదర్ ఆలీ కాలంనాటిదని చెప్పారట! చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో హైదర్ ఆలీ చనిపోయింది 1782లో. ఈ బట్ ఏ రైఫిల్‌దని చెబుతున్నారో, ఆ త్రీ నాట్ త్రీ మార్క్ త్రీ రకం వచ్చింది 1907లో.

అసలు తప్పు ముద్రలోనే ఉంది. కిరీటం, దాని కింద జి.ఆర్.ఐ. (చక్రవర్తి జార్జ్ పేరుకు పొడి అక్షరాలు), ఇషాపూర్ (బెంగాల్‌లో రైఫిల్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు), 1943 అని చెక్క మీద పెద్దగా కొట్టారు. ఇషాపూర్ రైఫిళ్ళకు ఆ ముద్ర ఉండేది చెక్క మీద కాదు, బట్ వచ్చి బిగిసే ఇనుప సాకెట్ మీద, కుడి పక్కన. ఇనుము మీది ముద్రను ఫోటోలో చూసి చెక్క మీద దించేశారన్నమాట. చెక్క మీద కనిపించేవి సాధారణంగా చిన్న చిన్న తనిఖీ గుర్తులు, పైభాగాన వెనక చివర సైజు అక్షరం. పొడవు బట్‌కు ఎల్, పొట్టిదానికి ఎస్, ఇంకా పొట్టిదానికి బి. మామూలు సైజుకు అసలు అక్షరమే లేకపోవచ్చు, దానికి కంగారు పడక్కర్లేదు.

రెండోది, ముద్ర అంచులు. ఏళ్ళ తరబడి చేతులు తగిలి, అవిసె నూనె పట్టి చెక్క అరిగితే అక్షరాలూ దాంతోపాటే అరగాలి. ఒకవైపు లోతుగా, ఒకవైపు మసకగా ఉంటాయి. ఇక్కడ చుట్టూ చెక్క నున్నగా అరిగిపోయి ఉంది, అక్షరాల అంచులు మాత్రం గోటికి గరుకుగా తగులుతున్నాయి. గుంటల్లో బూట్ పాలిష్ నింపారు. అడిగి టర్పెంటైన్ అద్దిన దూదితో తుడిస్తే నలుపు ఊడొచ్చింది, అడుగున తెల్లటి కొత్త చెక్క. మాధవమాలలో బొమ్మలు చెక్కే మిత్రుడికి ఫోటో పంపితే, "ఈ దెబ్బ కొత్తదన్నా" అన్నాడు. చెక్క ఏ జాతిదో చెప్పమని మాత్రం ఆయన్ని ఇబ్బంది పెట్టలేదు. బ్రిటన్‌లో వాల్‌నట్‌తో పాటు బీచ్, బర్చ్ కూడా వాడారు. ఆస్ట్రేలియా రైఫిళ్ళ చెక్కలు వేరు. జాతిని బట్టి తేల్చడం కష్టం.

ఒక్క బట్ మీద రెండు మూడు కాలాల గుర్తులున్నాయని వెంటనే నకిలీ అనకండి. మరమ్మతు చేసి మళ్ళీ ఇచ్చిన రైఫిళ్ళకు అలా ఉండటం మామూలే. అమ్మేవాళ్ళు ఈ మాటనే సాకుగా వాడతారు కాబట్టి, ఏ గుర్తు ఏ చోట ఉందో చూడండి.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అన్నదాని కిందికి విడిభాగాలూ వస్తాయి. చిన్న భాగాలకు మినహాయింపు ఉన్నా దానికి షరతులున్నాయి. చెక్కతో పాటు బోల్టో బ్యారెలో ఇస్తామంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. ఒట్టి చెక్కైనా కొనేముందు స్టేషన్‌లో అడగండి, బిల్లు లేకుండా తీసుకోకండి.

అదే బట్ ఇప్పుడు మళ్ళీ అమ్మకానికి పెట్టారు. ఈసారి కుడి పక్కన రెజిమెంట్ పేరుతో గుండ్రటి ఇత్తడి బిళ్ళ కూడా దిగేసి, రూ.11,000 అంటున్నారు. ఎడమ పక్క కింది అంచున చెక్కలో ముడి, దాని పక్కనే చిన్న పగులు ఉంటే అది ఇదే.