స్ట్రాస్‌బర్గ్: ముప్పావు గంట రైలు, రోజంతా ఇంజిన్లు

న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ వైపు వెళ్లే మనవాళ్లు చాలామంది అవుట్‌లెట్ మాల్స్‌లో షాపింగ్ చేసుకుని, దారిలో రెండు ఆమిష్ (కార్లు కొనకుండా పాత పద్ధతిలో బతికే క్రైస్తవ వర్గం) గుర్రపు బళ్లు చూసి తిరిగొస్తారు. పిల్లలున్నవాళ్లయితే పక్కనే ఉన్న స్ట్రాస్‌బర్గ్‌లో పొగబండి ఎక్కి, "ముప్పావు గంటలో అయిపోయింది, దీనికింత టికెట్టా!" అనుకుంటూ కారెక్కుతారు. వాళ్ల లెక్క తప్పేం కాదు. బండి వెళ్లేది నాలుగున్నర మైళ్లు, మళ్లీ అదే దారిలో వెనక్కి. నన్నడిగితే, ఇంజిన్లు బాగుచేసే షెడ్డూ, రైలు మ్యూజియమూ తిరిగే ఓపిక ఉంటేనే ఈ ఊరికి వెళ్లాలి. ఉత్త రైలు సరదాకైతే ఇంత దూరం అక్కర్లేదు.

మేం వెళ్లింది మామగారి కోసం. ఆయన గుంతకల్లులో మీటర్‌గేజి ఆవిరి ఇంజిన్ల మీద ఫైర్‌మన్‌గా పనిచేసి, డీజిల్ డ్రైవరుగా రిటైరయ్యారు. అమెరికా వచ్చిన దగ్గర్నుంచి న్యూయార్క్, నయాగరా చూపించినా "బాగుందమ్మా" అని ఊరుకున్న మనిషి, ఇక్కడ పార్కింగ్‌లో దిగగానే బొగ్గు వాసనకు చకచకా నడవడం మొదలుపెట్టారు.

ఈ రైలు కథ చిన్నదే కానీ గట్టిది. ఫిలడెల్ఫియా నుంచి ఇదే రాష్ట్రంలోని కొలంబియాకు రాష్ట్ర ప్రభుత్వం వేస్తున్న రైలుదారి తమ ఊరిని తాకకుండా పోతోందని ఇక్కడి వ్యాపారులకు దిగులు పట్టుకుంది. ఆ పెద్ద లైనులో కలిసేలా సొంతంగా ఒక చిన్న దారి వేసుకోవడానికి 1832లో చార్టర్, అంటే ప్రభుత్వ అనుమతి పత్రం, తెచ్చుకున్నారు. మొదట్లో పెట్టెల్ని గుర్రాలే లాగేవి. కంపెనీ ఇవాళ్టికీ ఆ చార్టర్ మీదే నడుస్తోంది. 1950ల్లో సరుకు తగ్గి, తుఫానుకు పట్టాలు పాడై, ఇక మూసేద్దామనుకున్నారు. అప్పుడు హెన్రీ లాంగ్, డొనాల్డ్ హాలొక్ అనే ఇద్దరు రైలు పిచ్చివాళ్లు ఇంకొందరిని పోగేసి, 1958లో 18,000 డాలర్లకు కొనేశారు. మరుసటి ఏడాది టూరిస్టుల్ని ఎక్కించారు, 1960లో ఆవిరి ఇంజిన్ తెచ్చారు. ఇప్పుడు మనం టికెట్ కొనే స్టేషను భవనం కూడా 1882లో ఈస్ట్ పీటర్స్‌బర్గ్‌లో కట్టినదే. దాన్ని ఇక్కడికి తరలించి నిలబెట్టారు.

మేం ఎక్కిన బండిని లాగింది 90 నంబరు ఇంజిన్. 1924లో బాల్డ్విన్ కంపెనీ తయారీ, బండిని కదిలించే డ్రైవింగ్ చక్రాలు పది. కొలరాడోలో చక్కెర కర్మాగారాలకు బీట్ దుంపలు మోసి, 1967లో ఇక్కడికి చేరింది. టికెట్లలో మామూలు కోచ్, ఓపెన్ పెట్టె, పార్లర్ కారు (ఖరీదైన సోఫాల పెట్టె), డైనింగ్ కారు అని రకాలున్నాయి. పార్లర్‌కు ఎక్కువ పెట్టనక్కర్లేదు. ఓపెన్ పెట్టె ఎక్కండి. నుసి కళ్లలో పడుతుంది, తెల్ల బట్టలు వద్దు. రెండు పక్కలా ఆమిష్ పొలాలు, కంచర గాడిదలతో దున్నుకునే రైతులు కనిపిస్తారు. వాళ్ల మొహాలు పడేలా ఫొటోలు తీయకండి, అది వాళ్లకు నచ్చదు. పారడైజ్ అనే ఊరి దగ్గర, ఆమ్‌ట్రాక్ (అమెరికా జాతీయ ప్రయాణికుల రైళ్ల సంస్థ) లైను పక్కన, ఇంజిన్‌ని విడదీసి, పక్క పట్టాల మీదుగా అవతలి కొసకు తెచ్చి మళ్లీ తగిలిస్తారు. పిల్లలు అప్పటికి ఫోన్లలో మునిగిపోయారు కానీ మామగారు మాత్రం కప్లింగ్ పడేదాకా కూర్చోలేదు.

అసలు విలువంతా షెడ్డు టూర్లో ఉంది. టికెట్ వేరు, సీట్లు తక్కువ, ముందే బుక్ చేసుకోవాలి. ఈ కంపెనీ వర్క్‌షాపు తమ ఇంజిన్లతో పాటు ఇతర రైల్వేల, మ్యూజియంల ఇంజిన్లకూ రిపేర్లు చేస్తుంది. లైను మీద గూడ్సు కూడా నడుస్తుంది. అమెరికాలో ఆవిరి ఇంజిన్ బాయిలర్‌ను 1,472 పని దినాలకు గానీ 15 ఏళ్లకు గానీ, ఏది ముందు వస్తే అప్పుడు, పూర్తిగా విప్పి పరీక్షించాలని నిబంధన. ఆ పని చేయగల చేతులు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా, అవి ఇక్కడున్నాయి. మామగారు మా ఆయన్ని దుబాసీగా పెట్టుకుని బాయిలర్ ట్యూబుల గురించి అడిగిన ప్రశ్నలకు గైడ్ ముఖం వెలిగిపోయింది. మిగతావాళ్లకు కాస్త బోరు కొట్టి ఉంటుంది, నిజం చెప్పాలి.

రోడ్డు దాటితే రైల్‌రోడ్ మ్యూజియం ఆఫ్ పెన్సిల్వేనియా. 1975లో తెరిచారు, రాష్ట్ర ప్రభుత్వానిది. ఇంజిన్లు, పెట్టెలు కలిపి వందకు పైనే ఉన్నాయి. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ కంపెనీ దాచుకున్న పాత బండ్లే దీనికి పునాది. ఒక ఇంజిన్ కింద గొయ్యి తవ్వి ఉంచారు. అందులోకి దిగి తలెత్తితే బూడిద తొట్టి, ఇరుసులు, బ్రేకులు అన్నీ కనిపిస్తాయి. 1943 నాటి జీజీ1 ఎలక్ట్రిక్ ఇంజిన్ దగ్గర మా అబ్బాయి ఫోన్ జేబులో పెట్టేశాడు. పైన వంతెన మీద నుంచి హాలంతా ఒకేసారి చూడొచ్చు. బయట యార్డులో తుప్పు పట్టి మరమ్మతుకు ఎదురుచూస్తున్నవీ ఉన్నాయి, వాటినీ వదలకండి. పెద్దవాళ్లకు కూర్చునే చోట్లు తక్కువే. మూడు గంటలైనా పడుతుంది. గంటలో చుట్టేస్తాం అనుకుంటే టికెట్ దండగ.

చూ చూ బార్న్ అని 1961 నుంచి ఉన్న బొమ్మ రైళ్ల ప్రదర్శన చిన్నపిల్లలకు బాగుంటుంది, పదేళ్లు దాటితే అక్కర్లేదు.

బసకు రెడ్ కబూస్ మోటెల్ అని ఒకటుంది. పాత గార్డు డబ్బాల్ని గదులుగా మార్చి 1970లో మొదలుపెట్టారు, రైలు దాని పక్క నుంచే పోతుంది. "జీతమిచ్చినా గార్డు డబ్బా ఎక్కడానికి మూతి ముడిచేవాళ్లం, మీరు డబ్బులిచ్చి పడుకుంటారా!" అని మామగారు నవ్వారు. పిల్లలకు పండగే. రైలు పెట్టె వెడల్పు రైలు పెట్టెదే కాబట్టి మోకాళ్ల నొప్పులున్న అత్తగారికి అది కుదరదనిపించి, వాళ్లిద్దరికీ హైవే పక్కన ఒక హోటల్లో గది తీసుకున్నాం. అక్కడ ఏసీ రాత్రంతా గురకపెట్టింది. కంప్లైంట్ చేస్తే "రేపు చూస్తాం" అన్నారు, చూడలేదు.

తిండి విషయంలో శాకాహారులకు కష్టమే. ఇక్కడి పెన్సిల్వేనియా డచ్ (జర్మన్ మూలాలున్న స్థానికుల వంట) బఫేల్లో బీన్స్‌లో బేకన్, నూడుల్స్‌లో చికెన్ రసం. అడగకుండా ముట్టుకోవద్దు. షూఫ్లై పై మాత్రం తిన్నాం. మొలాసిస్‌తో చేస్తారు, ముదురు బెల్లం పాకంలా ఉంటుంది. అందరం బతికింది అత్తగారి పులిహోర మీదే. సీజన్‌లో రైలు మధ్యలో గ్రాఫ్స్ గ్రోవ్ దగ్గర దిగి, చెట్ల కింద తిని, తర్వాతి బండి ఎక్కొచ్చు. అదే ఈ ట్రిప్పులో నాకు బాగా నచ్చింది.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రెండు గంటలు దాటుతుంది, వీకెండ్‌లో రూట్ 30 మీద ఇంకా ఎక్కువ. లాంకాస్టర్ దాకా ఆమ్‌ట్రాక్ ఉన్నా అక్కడి నుంచి కారు లేకపోతే ఇబ్బంది. ఆదివారం ఆమిష్ దుకాణాలు మూసేస్తారు, మ్యూజియం వేళలు కూడా మారతాయి. అందుకని శనివారం పొద్దున్నే చేరేలా చూసుకోండి. పిల్లల కార్టూన్‌లోని థామస్ ట్యాంక్ ఇంజిన్ వచ్చే రోజులు మాత్రం చూసుకుని మానుకోండి. నాలుగేళ్ల పిల్లలున్నవాళ్లకు తప్ప ఆ జనంలో టెన్షనే మిగులుతుంది.