జాగ్రత్త: స్పోర్ట్స్ ఇంజురీ రీహాబ్ డిగ్రీ అంటే ఫిజియోథెరపీయే అని చెబితే నమ్మి యూకేకి డబ్బు కట్టకండి

యూకేలో స్పోర్ట్స్ ఇంజురీ రీహాబిలిటేషన్ డిగ్రీకి అప్లై చేసినవాళ్లు, చేయబోతున్నవాళ్లు, ముఖ్యంగా డిపాజిట్ ఇంకా కట్టనివాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. మీ అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించండి. ఆ డిగ్రీ నేను చేసి వచ్చాను. సర్టిఫికెట్ బీరువాలో ఉంది. దానితో ఏ పని చేద్దామనుకున్నానో ఆ పని అక్కడ చేయలేకపోయాను, ఇక్కడా చేయలేకపోతున్నాను.

సబ్జెక్టు మంచిదే. దెబ్బ తగిలిన ఆటగాడిని మళ్లీ మైదానంలోకి ఎలా తీసుకురావాలో నేర్పే చదువు అది. నాకు ఇప్పటికీ ప్రాణం. నేను మోసపోయింది, దాన్ని ఇంకో చదువు పేరుతో నాకు అంటగట్టినందుకు.

మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. డిగ్రీలో బీజెడ్‌సీ చదువుతూ ఖో-ఖో ఆడేదాన్ని. 2020 జనవరిలో ప్రాక్టీసులో స్తంభం దగ్గర ఒక్కసారిగా తిరగబోయేసరికి మోకాలు మెలిపడింది. లోపల టప్‌మని తెగిన చప్పుడు నాకు వినిపించింది. మోకాలిని నిలకడగా పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ పూర్తిగా తెగిందని ఎంఆర్ఐలో తేలింది. ఆపరేషన్‌కి డబ్బు సర్దేలోపు లాక్‌డౌన్ వచ్చింది, ఆ తర్వాత అది అలాగే ఉండిపోయింది. ఒక ఫిజియో మేడమ్ తొమ్మిది నెలలు వదలకుండా, కొన్నాళ్లు వీడియో కాల్‌లోనే, తొడ కండరం గట్టిపడేలా వ్యాయామాలు చేయించారు. రెయిలింగ్ పట్టుకోకుండా మెట్లు దిగిన రోజు మా అమ్మ ఏడ్చేసింది. చదివితే ఇదే చదవాలని అప్పుడే అనుకున్నాను.

2022లో డిగ్రీ అయ్యాక ఒక కన్సల్టెన్సీకి వెళ్లాం. ఫిజియోథెరపీ చదవాలని ఉందని స్పష్టంగానే చెప్పాను. కౌన్సెలర్ స్పోర్ట్స్ ఇంజురీ రీహాబిలిటేషన్ ఎంఎస్సీ బ్రోచర్ తీసి, "ఫిజియోథెరపీ ఎంఎస్సీ రెండేళ్లమ్మా, ఖర్చు రెట్టింపు, సీటు కష్టం. ఇది ఏడాదిలో అయిపోతుంది. రీహాబ్ అంటే ఫిజియోనే కదా, చేసే పని ఒకటే" అన్నారు. మా నాన్నకు ఇంగ్లీషు రాదు. ఆయన రెండుసార్లు అడిగారు, "మా అమ్మాయి ఫిజియోథెరపిస్టే అవుతుందా సార్?" అని. "స్పోర్ట్స్ ఫిజియో అవుతుంది సార్, మామూలు ఫిజియో కంటే డిమాండ్ ఎక్కువ" అని జవాబు. నాన్న అడిగిందే అసలు ప్రశ్న. దాని జవాబు కాగితం మీద తీసుకోకపోవడం మా తప్పు. ఫీజు 15,500 పౌండ్లు. ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి 22 లక్షలు లోను తీసుకున్నాం.

ఇప్పుడు ఆ రోజు నాకు ఎవరూ చెప్పని సంగతి చెబుతాను.

యూకేలో "ఫిజియోథెరపిస్ట్", "ఫిజికల్ థెరపిస్ట్" అనే పేర్లకు చట్టరక్షణ ఉంది. హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్, అంటే హెచ్‌సీపీసీ, రిజిస్టర్‌లో పేరు ఉన్నవాళ్లే ఆ మాట వాడాలి. లేకుండా వాడితే నేరం. ఆ రిజిస్టర్‌లోకి వెళ్లాలంటే హెచ్‌సీపీసీ ఆమోదించిన ఫిజియోథెరపీ కోర్సే చదవాలి. లేదా మన బీపీటీలాంటి విదేశీ ఫిజియోథెరపీ డిగ్రీ ఉంటే దాని ఆధారంగా విడిగా అప్లై చేసుకోవాలి. మూడో దారి లేదు. స్పోర్ట్స్ రీహాబిలిటేటర్, స్పోర్ట్స్ థెరపిస్ట్ అనేవి వేరే వృత్తులు. వాటి పేర్లకు ఆ చట్టరక్షణ లేదు. స్పోర్ట్స్ రీహాబిలిటేటర్లకు బాస్‌రాట్ అనే సంఘం ఉంది. దాని రిజిస్టర్‌కు, ఇలాంటి రిజిస్టర్లను పరిశీలించే ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ గుర్తింపు కూడా ఉంది. ఆ దారిలో వెళ్లి క్లబ్బుల్లో, క్లినిక్కుల్లో గౌరవంగా పనిచేస్తున్నవాళ్లను నేను చూశాను. కాకపోతే బాస్‌రాట్ గుర్తించిన కోర్సు చదివితేనే ఆ రిజిస్టర్‌లో చోటు. నేను చదివిన కోర్సుకు ఆ గుర్తింపూ లేదు.

అంటే పేరులో రీహాబిలిటేషన్ ఉన్నా, అది నన్ను ఏ రిజిస్టర్‌లోకీ చేర్చని డిగ్రీ. ఇప్పటికే ఫిజియోథెరపిస్ట్ అయినవాళ్లు ఆటల వైపు లోతుగా వెళ్లడానికి అలాంటి ఏడాది కోర్సు బాగానే ఉంటుంది. నా బ్యాచ్‌లో బీపీటీ చేసి వచ్చిన ఇద్దరికి అది ఉపయోగపడింది కూడా. బీజెడ్‌సీ చదివి వెళ్లిన నాకు కింద పునాదే లేదు.

తేడా ఎంతో క్లినిక్ గంటల్లో చూడండి. యూకేలో ఫిజియోథెరపీ విద్యార్థి చదువు అయ్యేలోపు సుమారు 1,000 గంటలు పర్యవేక్షణలో రోగుల దగ్గర పనిచేయాలి. బాస్‌రాట్ గుర్తింపు ఉన్న కోర్సులో కనీసం 400 గంటలు. నా కోర్సులో ప్లేస్‌మెంట్, అంటే అలా బయట పనిచేస్తూ నేర్చుకునే శిక్షణ, మొత్తం 60 గంటలు. అందులో సగం ఒక అమెచ్యూర్ రగ్బీ క్లబ్ గట్టున ఐస్ ప్యాకులు, టేపు పట్టుకుని నిలబడటమే.

ఒక రోజు ల్యాబ్‌లో లాక్‌మన్ టెస్ట్ నేర్పారు. మోకాలు కొంచెం వంచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగాలి. ఏసీఎల్ బాగుంటే ఒక చోట గట్టిగా ఆగుతుంది. తెగితే ఆగకుండా మెత్తగా జారుతుంది. అందరూ ఒకరి మోకాళ్లు ఒకరు లాగి చూసుకుంటున్నారు. అందరివీ బాగున్న మోకాళ్లే కాబట్టి తేడా ఎవరికీ తెలియడం లేదు. నాది తెగిందే అని చెప్పాను. ఇక లెక్చరర్ నన్ను బల్ల మీద పడుకోబెట్టి క్లాసంతటినీ వరుసగా పిలిచారు. పద్దెనిమిది మంది వచ్చి నా మోకాలు లాగి చూశారు. "ఓహ్, ఇదన్నమాట" అని ఒక్కొక్కరి ముఖం వెలిగింది. నాకూ సంతోషమే అనిపించింది. రాత్రి రూముకు వచ్చాక మాత్రం భయం పట్టుకుంది. ఆ ఏడాది మొత్తంలో మా క్లాసు చేయి వేసి చూసిన తెగిన లిగమెంట్ నాది ఒక్కటే. రేపు నా దగ్గరకు నిజంగా దెబ్బతిన్న పిల్లవాడు వస్తే నేను ఏం చెప్పగలను?

చదువు చెప్పినవాళ్లు మంచివాళ్లే, అది దాచను. ఒంటికాలి మీద గెంతించి దూరం టేపుతో కొలిచి రెండో కాలితో పోల్చడం, కనీసం 90 శాతమైనా రాకుండా ఆటకు పంపకపోవడం, ఏసీఎల్ ఆపరేషన్ అయ్యాక తొమ్మిది నెలల లోపు తొందరపడితే మళ్లీ దెబ్బ తగిలే ప్రమాదం పెరగడం, ఇవన్నీ నేర్పారు. మన ఊళ్లలో కబడ్డీ పిల్లలకు ఈ మాటలు చెప్పేవాళ్లు ఎంత అవసరమో నాకు తెలుసు. అందుకే కడుపు మండుతుంది.

కోర్సు అయ్యాక పోస్ట్ స్టడీ వీసా మీద ఉద్యోగాల వేట మొదలుపెట్టాను. మొదటి అప్లికేషన్ ఒక ప్రైవేటు క్లినిక్‌ది. పేరు, అడ్రసు, చదువు నింపాను. నాలుగో పేజీలో హెచ్‌సీపీసీ నంబరు అని ఒక గడి, పక్కన ఎర్ర చుక్క. ఖాళీగా వదిలితే పేజీ ముందుకు కదలదు. రాత్రి పదకొండింటికి ఆ గడి ముందు కూర్చుని, కోర్సు పేజీ మళ్లీ తెరిచి, మొదటిసారి అడుగు దాకా చదివాను. చివర చిన్న అక్షరాల్లో ఉంది: ఈ కోర్సుతో ఫిజియోథెరపిస్టుగా రిజిస్ట్రేషన్‌కు అర్హత రాదు. అప్పు తీసుకునే ముందు చదవాల్సిన లైను అది.

ఇన్సూరెన్స్ ఇంకో గోడ. ఆటగాడి ఒంటి మీద చేయి వేయాలంటే ప్రొఫెషనల్ ఇన్సూరెన్స్ ఉండాలని క్లబ్బులు అడుగుతాయి. అది చాలావరకు ఏదో ఒక వృత్తి సంఘం సభ్యత్వంతోనే వస్తుంది. నాకు ఆ సభ్యత్వం లేదు. చివరికి రెండేళ్లు కేర్ హోమ్‌లో నైట్ షిఫ్టులు చేశాను. శని, ఆదివారాలు ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్‌తో పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్లాను.

వీసా లెక్కలు ఇప్పుడు ఇంకా బిగుసుకున్నాయి. నా రోజుల్లో మాస్టర్స్ తర్వాత రెండేళ్లు ఉండనిచ్చేవారు. 2027 జనవరి 1 నుంచి పెట్టే అప్లికేషన్లకు అది 18 నెలలే. ఆ తర్వాత ఉండాలంటే స్పాన్సర్ కావాలి. స్కిల్డ్ వర్కర్ వీసాకు సాధారణ జీతం పరిమితి 2025 జూలైలో ఏడాదికి 41,700 పౌండ్లయింది. కొత్తగా చదువు ముగించినవాళ్లకు కొంత తగ్గింపు ఉన్నా, రిజిస్ట్రేషన్ లేని స్పోర్ట్స్ థెరపీ ఉద్యోగానికి స్పాన్సర్ చేస్తామన్న యజమాని నాకు ఒక్కరూ దొరకలేదు. రిజిస్ట్రేషన్ ఉన్న ఫిజియోథెరపిస్టులకు హెల్త్ అండ్ కేర్ వీసా అనే దారి ఉంది. నా డిగ్రీకి ఆ దారీ మూసే ఉంది.

"పోనీ ఇండియా వచ్చి ప్రాక్టీసు పెట్టుకుంటావులే" అని చుట్టాలు అన్నారు. మన దేశంలో 2021లో నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది. ఫిజియోథెరపీ దాని కిందకే వస్తుంది. ఇక్కడ ఫిజియోథెరపిస్ట్ అవ్వాలంటే దారి బీపీటీ. ఏడాది ఎంఎస్సీ చూపించి బోర్డు పెట్టడం కుదరదు. ఒకవేళ ఎవరూ అడ్డుపడకపోయినా నేను పెట్టను. ఇప్పుడు ఒక స్పోర్ట్స్ అకాడమీలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా ఉన్నాను. నెలకు 31 వేలు లోను కంతు. సగం నాన్నే కడుతున్నారు.

కన్సల్టెన్సీని అడగకుండా ఊరుకోలేదు. ఆ కౌన్సెలర్ ఉద్యోగం మానేశారన్నారు. "మేము అలా రాసి ఇచ్చామా?" అన్నారు. నిజమే, రాసి ఇవ్వలేదు. యూనివర్సిటీని అడిగితే, వెబ్‌సైట్‌లో ఆ లైను ఉంది కదా అన్నారు. ఒక విషయం గుర్తుంచుకోండి. చాలా యూనివర్సిటీలు చేర్పించిన విద్యార్థికి ఇంత అని ఏజెంట్లకు కమిషన్ ఇస్తాయి. మన దగ్గర ఫీజు తీసుకోకుండా "ఫ్రీ కౌన్సెలింగ్" ఇవ్వగలిగేది అందుకే. అందరు ఏజెంట్లూ అబద్ధాలు చెబుతారని నేను అనను. ఏ కోర్సుకు కమిషన్ ఉందో ఆ కోర్సు వైపే వాళ్ల మాట మొగ్గుతుందని మాత్రం నా అనుభవం.

ఇప్పటికే చేరిపోయి ఇలాంటి ఇబ్బందిలో ఉన్నవాళ్లకు ఒక మాట. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే ముందు యూనివర్సిటీకి లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వాళ్ల దగ్గర తేలకపోతే, తమ విచారణ ముగిసిందని చెప్పే కంప్లీషన్ ఆఫ్ ప్రొసీజర్స్ అనే ఉత్తరం అడిగి తీసుకుని, ఆ తేదీ నుంచి ఏడాది లోపు, విద్యార్థుల ఫిర్యాదులు చూసే స్వతంత్ర సంస్థ అయిన ఆఫీస్ ఆఫ్ ది ఇండిపెండెంట్ అడ్జుడికేటర్‌కు వెళ్లొచ్చు. అక్కడ విద్యార్థికి ఫీజు లేదు. నేను సిగ్గుపడి, ఇంట్లో చెప్పడానికి భయపడి, ఆ ఫిర్యాదు సమయానికి పెట్టలేదు. మీరు అలా చేయకండి.

ఇంకా చేరనివాళ్లు డిపాజిట్ కట్టే ముందు పావుగంట కూర్చోండి చాలు. హెచ్‌సీపీసీ వెబ్‌సైట్‌లో ఆమోదించిన కోర్సుల జాబితా ఉంది, ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. మీ కోర్సు పేరు, యూనివర్సిటీ పేరు అక్షరం తేడా లేకుండా అందులో ఉందో లేదో మీ కళ్లతో చూడండి. ఇంకో డిగ్రీ చేసి వెళ్లేవాళ్లు ఫిజియోథెరపీ ఎంఎస్సీ పక్కన "ప్రీ-రిజిస్ట్రేషన్" (రిజిస్టర్‌లో చేరే అర్హత ఇచ్చేది) అనే మాట ఉందేమో చూడండి. మామూలుగా అవి రెండేళ్లవే. ఏడాదిలో అదే వస్తుందని ఎవరైనా అంటే అక్కడే ఆగండి. స్పోర్ట్స్ రీహాబిలిటేటర్ అవ్వాలనే ఉంటే బాస్‌రాట్ జాబితా కూడా అలాగే చూడండి. ఆ తర్వాత యూనివర్సిటీ అడ్మిషన్స్‌కు మీరే, మీ మెయిల్ నుంచి, ఒకటే ప్రశ్న పంపండి: ఈ కోర్సు అయ్యాక నేను ఏ రిజిస్టర్‌కు అప్లై చేయడానికి అర్హురాలిని? కన్సల్టెన్సీవాళ్లు మేము అడిగి చెబుతాం అంటే ఒప్పుకోకండి.

బైపీసీ చదివే పిల్లలున్న తల్లిదండ్రులు ఇక్కడి బీపీటీని చిన్నచూపు చూడకండి. విజయవాడ ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కింద, వరంగల్ కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కింద ఆ కాలేజీలున్నాయి. బీపీటీ చేతిలో ఉంటే, ఆ తర్వాత ఆటల వైపు వెళ్లడానికి దారులు చాలా ఉంటాయి.

ఇదంతా ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. పోయిన వారం తెనాలి నుంచి ఒక చెల్లి ఫోన్ చేసింది. వాలీబాల్ ప్లేయర్, బీఎస్సీ అయింది. ఏజెంటు వేరే, యూనివర్సిటీ వేరే, మాట మాత్రం అదే: "రీహాబ్ అంటే ఫిజియోనే." 4,000 పౌండ్ల డిపాజిట్‌కు శుక్రవారం ఆఖరు రోజని తొందరపెడుతున్నారట. ఆ ఒక్క ప్రశ్నా మెయిల్ చేయమన్నాను. బుధవారం రాత్రి యూనివర్సిటీ జవాబు స్క్రీన్‌షాట్ తీసి పంపింది. మర్యాదగానే రాశారు: ఈ కోర్సు ఏ వృత్తి రిజిస్టర్‌కూ అర్హత ఇవ్వదు అని. కింద ఆ అమ్మాయి మెసేజ్: "అక్కా, నాన్నకు చూపించాను. రేపు బ్యాంకుకు వెళ్లడం లేదు."