పికోమీటరా, ఆంగ్‌స్ట్రామా: అణువుల కొలతకు ఏది మేలు?

హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య దూరం ఒక పుస్తకంలో 74 పికోమీటర్లని ఉంటుంది, ఇంకోదాంట్లో 0.74 ఆంగ్‌స్ట్రామ్ అని, మరోదాంట్లో 0.074 నానోమీటరని. మూడూ ఒకటే. మీటరులో లక్ష కోట్లవ వంతు పికోమీటరు. దానికి వంద రెట్లు ఆంగ్‌స్ట్రామ్, వెయ్యి రెట్లు నానోమీటరు.

నానోమీటరును ముందే పక్కన పెట్టేయొచ్చు. కాంతికి, వైరస్‌లకు అది చక్కగా సరిపోతుంది. పాత భౌతికశాస్త్రం లెక్కల్లో సోడియం పసుపు కాంతి 5890 ఆంగ్‌స్ట్రామ్‌లు అని ఉండేది, 589 నానోమీటర్లంటే హాయిగా ఉంది. కానీ పరమాణువుల దగ్గరికొచ్చేసరికి ప్రతి సంఖ్యా సున్నాతోనే మొదలవుతుంది. అసలు పోటీ మిగతా రెండింటి మధ్యే.

బంధ దూరాలకు నా ఓటు పికోమీటరుకే. కార్బన్-కార్బన్ ఏకబంధం 154, ద్విబంధం 134, త్రిబంధం 120. బెంజీన్‌లో సుమారు 139, అంటే ఏకబంధానికీ ద్విబంధానికీ మధ్యన. అన్నీ పూర్ణాంకాలే కాబట్టి ఏది పొట్టి, ఏది పొడుగు అన్నది చూడగానే తెలిసిపోతుంది, దశాంశ బిందువు ఎక్కడుందని వెతుక్కోనక్కర్లేదు.

ఒక్క పికోమీటరు తేడా ఎంత పని చేస్తుందో లాంథనైడ్ సంకోచంలో, అంటే లాంథనం నుంచి లుటీషియం దాకా ఉన్న మూలకాల వరుసలో పరిమాణం మెల్లగా తగ్గిపోవడంలో, కనిపిస్తుంది. లాంథనం త్రిధనావేశ అయాను వ్యాసార్థం దాదాపు 103 పికోమీటర్లు, లుటీషియంది 86. మధ్యలో 14 మెట్లున్నాయి. అంటే మెట్టుకు సగటున ఒక పికోమీటరు, ఆపైన కాస్త. ఇంత మెల్లగా జరిగిన ఈ తగ్గుదల ఫలితం ఆ వరుస దాటాక వచ్చే హాఫ్నియం మీద పడుతుంది. ఆవర్తన పట్టికలో అది జిర్కోనియం కింద ఉంది కాబట్టి పరిమాణంలో బాగా పెద్దది కావాలి. కానీ జిర్కోనియం అయాను 72 పికోమీటర్లయితే హాఫ్నియంది 71! రసాయనికంగా కవలల్లా ప్రవర్తిస్తాయి, ఖనిజంలోనూ కలిసే దొరుకుతాయి. అణు రియాక్టర్‌కు మాత్రం రెండింటికీ పొంతన లేదు. జిర్కోనియం న్యూట్రాన్లను దాదాపుగా వదిలేస్తుంది, హాఫ్నియం దానికన్నా వందల రెట్లు ఎక్కువగా మింగేస్తుంది. అందుకే జిర్కోనియంతో ఇంధన కడ్డీల తొడుగులు చేసే ముందు హాఫ్నియంను వేరు చేసి తీరాలి. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఈ రెండింటినీ విడదీయడానికి సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ (ద్రావణిలోకి ఒకదాన్ని లాగేసి వేరు చేయడం) ప్రక్రియే నడుస్తుంది. ఈ కథంతా ఆంగ్‌స్ట్రామ్‌లలో రాస్తే 0.72, 0.71 అవుతుంది. తప్పేమీ లేదు, కానీ ఆ ఒక్క అడుగు తేడా కంటికి ఆనదు.

ఇక ఆంగ్‌స్ట్రామ్ గెలిచే చోటు స్ఫటికాలు. ఇంటర్ విద్యార్థులకు తెలిసిన సాంద్రత లెక్కే తీసుకుందాం. ఉప్పు యూనిట్ సెల్ (స్ఫటికంలో పదేపదే వచ్చే అతి చిన్న గడి) అంచు పొడవు 564 పికోమీటర్లు. దీన్ని ఘనం చేస్తే పదిహేడు కోట్లు దాటిన సంఖ్య, దాని వెనక 10⁻³⁰, ఆపైన అవొగాడ్రో సంఖ్య. పరీక్ష హాల్లో ఘాతాంకం తప్పేది సరిగ్గా ఇక్కడే. అదే 5.64 ఆంగ్‌స్ట్రామ్‌లు అనుకుంటే ఘనం 179.4. ఘనపు ఆంగ్‌స్ట్రామ్ అంటే 10⁻²⁴ ఘనపు సెంటీమీటరు, అవొగాడ్రో సంఖ్య 6.022 × 10²³. రెండూ గుణిస్తే ఘాతాలన్నీ పోయి 0.6022 మిగులుతుంది. సెల్‌లో ఉండే నాలుగు సోడియం-క్లోరిన్ జతల ద్రవ్యరాశి 4 × 58.44, అంటే 233.76. దాన్ని 0.6022 × 179.4తో భాగిస్తే 2.16 గ్రాములు, ఘనపు సెంటీమీటరుకు. ఎంత శుభ్రంగా వచ్చిందో చూడండి.

ఎక్స్-కిరణాలకూ ఇదే సౌకర్యం. 12.4ను కిరణం శక్తితో (కిలో ఎలక్ట్రాన్ వోల్టుల్లో) భాగిస్తే తరంగదైర్ఘ్యం ఆంగ్‌స్ట్రామ్‌లలో వచ్చేస్తుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే రాగి కిరణం 1.54 ఆంగ్‌స్ట్రామ్‌లు, పరమాణువుల ఎడం అంత.

ప్రొటీన్ నిర్మాణాల విషయంలో నాకు ఇంకో కారణం కూడా ముఖ్యం. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్ (ఎంత సూక్ష్మ వివరం కనిపిస్తుందనే కొలత) అన్నదాన్ని 200 పికోమీటర్లని రాస్తే, చదివేవాళ్లు మూడంకెల కచ్చితత్వం ఉందనుకునే ప్రమాదముంది. ప్రొటీన్ నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్ ఫైళ్లలో పరమాణువుల నిరూపకాలు ఇప్పటికీ ఆంగ్‌స్ట్రామ్‌లలోనే ఉన్నాయి, అలాగే ఉండాలి.

నిబంధనల ప్రకారం మాత్రం పికోమీటరుదే పైచేయి. పికో 1960 నుంచీ ఎస్‌ఐ (అంతర్జాతీయ ప్రమాణాల వ్యవస్థ) ఉపసర్గ. స్వీడన్ భౌతికశాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ పేరుతో వచ్చిన ప్రమాణానికి ఎస్‌ఐలో చోటు లేదు. ఆ వ్యవస్థ అధికారిక పుస్తకమైన 2019 ఎస్‌ఐ బ్రోషర్‌లో, ఎస్‌ఐతో పాటు వాడుకోదగ్గ ప్రమాణాల పట్టికలో కూడా అది కనపడదు. అయినా చిప్‌ల కంపెనీలు దాన్ని కొత్తగా తలకెత్తుకున్నాయి. ఇంటెల్ చిప్ తయారీ పద్ధతి ‘18ఏ’లోని ‘ఏ’ ఆంగ్‌స్ట్రామే. అది ఒక తరం పేరు మాత్రమే, ట్రాన్సిస్టర్‌లో కొలిచిన పొడవనుకోకండి.

మీరు ఇంటర్ చదువుతుంటే వ్యాసార్థాలు, బంధ దూరాలు పికోమీటర్లలో గుర్తుపెట్టుకోండి. సాంద్రత లెక్క రాగానే అంచు పొడవును వందతో భాగించి ఆంగ్‌స్ట్రామ్‌లలోకి తెచ్చుకుని, పక్కన ప్రమాణం రాసి మరీ మొదలుపెట్టండి. రెండూ కలగలిపితే పొడవులో వంద రెట్లే తప్పు, ఘనం చేశాక అది పది లక్షల రెట్లవుతుంది.