పదిహేను మెట్లు దిగి విన్న పియానో

న్యూయార్క్‌లో మూడు రాత్రులను జాజ్ పియానో త్రయాలను వినడానికే కేటాయించుకున్నాను. పియానో, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగల వాద్యం), డ్రమ్స్ మాత్రమే ఉండే ఈ కచేరీలో ఒకరి మనోధర్మం మరొకరి చాటున దాగదు కనుక, ఎక్కడ కూర్చుంటామన్నది చాలా ముఖ్యం.

మొదటి రాత్రి, 1935లో మాక్స్ గోర్డన్ ప్రారంభించిన విలేజ్ వాన్‌గార్డ్ అనే జాజ్ క్లబ్బుకు వెళ్లాను. మెట్లు దిగితే నేలమాళిగలో దాదాపు 120 మంది పట్టే గది. 1961 జూన్ 25న పియానిస్టు బిల్ ఎవాన్స్ త్రయాన్ని ఇక్కడే రికార్డు చేశారు. ఆ తర్వాత పదకొండు రోజులకే బేస్ వాద్యకారుడు స్కాట్ లఫారో కారు ప్రమాదంలో మరణించాడు. ఆ రికార్డులో బేస్ పియానోకు వంత పాడదు, దానితో సంభాషిస్తుంది. అలాంటి సంభాషణను ఆ గదిలోనే వినాలని ఆశపడ్డాను గాని, ఆలస్యంగా వెళ్లినందువల్ల డ్రమ్స్ పక్కన చోటు దొరికి, తాళాల (సింబల్స్) మోతలో బేస్ సగం మునిగిపోయింది. అయినా కచేరీ సాగుతుండగా మాట్లాడనివ్వని అక్కడి క్రమశిక్షణకు చేతులెత్తి నమస్కరిస్తాను.

బస జెర్సీ సిటీలో, జర్నల్ స్క్వేర్ దగ్గర. గదిలోని ఏసీ రాత్రంతా గర్జించింది. గది మార్చమంటే తెల్లవారేదాకా జవాబు లేదు. అయితే అక్కణ్నుంచి న్యూయార్క్‌కు వెళ్లే పాత్ (PATH) రైలు రాత్రంతా నడుస్తుంది, క్రిస్టఫర్ స్ట్రీట్‌లో దిగితే వాన్‌గార్డ్‌కూ, నేను తర్వాత వెళ్లిన మెజ్రో క్లబ్బుకూ నడిచిపోవచ్చు, పొద్దున న్యూఆర్క్ అవెన్యూలో ఇడ్లీ దొరుకుతుంది.

మిగిలిన రెండు రాత్రులూ వెస్ట్ టెన్త్ స్ట్రీట్‌లోని మెజ్రోలో గడిపాను. చిన్న గది కావడంతో పియానోకు చేరువగా కూర్చోగలిగాను. స్వరకల్పన వింటూ తాళం వేసుకున్నట్టే, ఇక్కడ 32 బార్ల (ఆవర్తనాల్లాంటి తాళ విభాగాల) పాటను మనసులో పాడుకుంటూ ఉండాలి. లేకపోతే సోలో ఎక్కడుందో తెలియదు. మెజ్రోలో మొదటి రాత్రి, వరస మారే మూడో ఎనిమిది బార్ల దగ్గర ప్రతిసారీ దారి తప్పాను. రెండో రాత్రి పియానిస్టు మొదట వేసిన మూడు స్వరాల పలుకునే మూడో ఆవృత్తిలో ఒక దెబ్బ ఆలస్యంగా వేస్తే, డ్రమ్మర్ దాన్ని వెంటనే స్నేర్ డ్రమ్ మీద అందుకున్నాడు. బేస్ వంతు రాగానే పియానిస్టు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తీగ మీద వేలు జారే చప్పుడు కూడా నా బల్ల దాకా వినిపించింది. ముగ్గురూ తిరిగి పల్లవి ఎత్తుకున్న చోటే నా లెక్కా ముగిసింది.