అడ్మిషన్ ఛాన్సు శాతాల రిపోర్టుకు డబ్బు కట్టే ముందు ఒక్కసారి ఇది చదవండి

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు పిల్లల్ని అమెరికా పంపాలనుకుంటున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఏ కాలేజీలో ఎంత శాతం ఛాన్సు ఉందో లెక్కకట్టి ఇస్తామని కొందరు రిపోర్టులు అమ్ముతున్నారు. అలాంటి రిపోర్టుకి మేం 18,000 రూపాయలు కట్టి మోసపోయాం.

మా అమ్మాయికి మ్యూజిక్ బిజినెస్ చదవాలని ఆశ. తను పాడదు, ఏదీ వాయించదు. మా పాలకొల్లులో పాడే పిల్లలతో పాటలు రికార్డు చేయించి నెట్‌లో పెడుతుంది, వాళ్లకి ప్రోగ్రాములు మాట్లాడి పెడుతుంది. పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటా పోగొట్టుకోకుండా 2012లో కాపీరైట్ చట్టం మార్చారని నాకు చెప్పింది తనే. అంత ఇష్టం ఉన్న పిల్లని చూసి కాదనలేకపోయాం.

భీమవరంలో కన్సల్టెన్సీ ఆఫీసుకి వెళ్తే ఇంటర్ మార్కులు అడిగారు, ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష రాసిందా అని అడిగారు. పావుగంటలో అయిపోయింది. "సీటు వచ్చేసినట్టే అనుకోండి మేడమ్" అన్నారు. మా వారు చెరువు పట్టుబడి డబ్బులోంచి తీసి అక్కడికక్కడే ఫోన్‌పే చేశారు. రసీదు అడిగితే మెయిల్‌లో పంపుతామన్నారు. ఈరోజుకీ రాలేదు.

వారానికి స్పైరల్ బైండింగ్ వేసిన 14 పేజీల రిపోర్టు ఇచ్చారు. మొదటి పేజీలోనే బోస్టన్‌లోని బర్క్‌లీ మ్యూజిక్ కాలేజీకి 92 శాతం అని ఉంది. ఆ రాత్రి అమ్మాయి ఆ కాలేజీ వెబ్‌సైట్ తెరిచి చదివింది. అక్కడ చేరాలంటే, తర్వాత మ్యూజిక్ బిజినెస్ తీసుకునేవాళ్లైనా సరే, ముందు ఆడిషన్‌లో వాయించి గానీ పాడి గానీ చూపించాలి, ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. ఏదైనా వాయిస్తావా అని మా పిల్లని ఆ ఆఫీసులో ఒక్కరూ అడగలేదు. మరి 92 ఎక్కడి నుంచి వచ్చింది?

ఆరో పేజీ చూశాక నాకు ఏడుపొచ్చింది. "మీ అబ్బాయి చేసిన రోబోటిక్స్ ప్రాజెక్టు అప్లికేషన్‌కి బలం" అని ఉంది. ఎవరో ఇంజినీరింగ్ పిల్లాడి కోసం రాసినదాన్నే పేరు మార్చి మాకు ఇచ్చారు. వెళ్లి నిలదీస్తే, ఇంకో 1,20,000 కడితే గ్యారంటీ ప్యాకేజీలో పెడతామన్నారు. దయచేసి ఆ గ్యారంటీ మాట నమ్మకండి. సీటు ఇచ్చేది కాలేజీ, వీసా ఇచ్చేది కాన్సులేట్. మధ్యలో వాళ్ల చేతిలో ఏమీ ఉండదు.

ఈ కోర్సుకి ఛాన్సు అంచనా వేయాలంటే మార్కుల కంటే ముందు ఆ కాలేజీ ఏం అడుగుతుందో చూడాలి. నాష్‌విల్‌లోని బెల్మాంట్ యూనివర్సిటీలో మ్యూజిక్ బిజినెస్‌కి ఆడిషన్ లేదు. మా పిల్లకి సరిపోయేది అదే, రిపోర్టులో మాత్రం దాన్ని ఎక్కడో అడుగున పెట్టారు. న్యూయార్క్ యూనివర్సిటీలో ఇలాంటి మ్యూజిక్ కోర్సు చెప్పే క్లైవ్ డేవిస్ ఇన్‌స్టిట్యూట్‌కి విడిగా క్రియేటివ్ పోర్ట్‌ఫోలియో, అంటే పిల్లలు చేసిన పనుల నమూనాలు పంపాలి. యూనివర్సిటీ మొత్తానికి ఎంతమందిని తీసుకున్నారన్న అంకె చూసి అక్కడి సీటు సంగతి చెప్పలేం. చాలా అమెరికా కాలేజీలు ఏటా కామన్ డేటా సెట్ అని ఒక ఫైలు పెడతాయి. మార్కులకి ఎంత విలువ, ఎస్సేకి ఎంత, ప్రతిభకి ఎంత అన్నది అందులో సీ7 అనే చోట ఉంటుంది. పైసా ఖర్చు లేదు. అమెరికా విదేశాంగ శాఖ తరఫున ఎడ్యుకేషన్‌యూఎస్ఏ వాళ్లు కూడా సలహా ఇస్తారు. ముందే అక్కడ అడిగి ఉండాల్సింది, మాకు తెలియలేదు.

డబ్బు కట్టక తప్పదనుకుంటే, ఏ కోర్సుకి ఏ లెక్కన శాతం వేస్తారో కాగితం మీద రాయించుకోండి, రసీదు చేతికొచ్చాకే ఫోన్ తీయండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఆ ఆరో పేజీ ఫోటో రెండూ జత చేశాను. మన వైపు ఇంకెవరికైనా ఇలాంటి స్పైరల్ బైండింగ్ రిపోర్టు వచ్చి ఉంటే తీసి చూడండి. మీ పిల్లలు చేయని ప్రాజెక్టు ఏదైనా అందులో కనిపిస్తే నాకు చెప్పండి, మీ కాగితాలూ కలిపి పంపుదాం.