కొరత వేళ మా నీటి సరఫరా సంస్థ పనితీరు

జలాశయం మట్టం పడిపోయిన తర్వాత మా ప్రాంత నీటి సరఫరా సంస్థ తీసుకున్న చర్యలను మూడు నెలలుగా గమనించి ఈ సమీక్ష రాస్తున్నాను. నీటి ఆదా విషయంలో ఈ సంస్థ చక్కగా పని చేసింది. ఉన్న నీటిని పంచడంలో మాత్రం వెనకబడింది.

మట్టం ఎంతకు తగ్గితే ఏ ఆంక్ష అమల్లోకి వస్తుందో ముందుగానే ప్రకటించినందువల్ల తోటలు తడపడం, వాహనాలు కడగడం మానేయమన్నప్పుడు ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. వాడకం తక్కువగా ఉండే రాత్రివేళ గొట్టాల్లో ఒత్తిడి పెరిగి, పగుళ్ల నుంచి ఎక్కువ నీరు కారిపోతుంది కనుక, మొదటి దశలోనే ఆ ఒత్తిడిని తగ్గించడం మంచి నిర్ణయం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇంటింటి తనిఖీ. మా ఇంటికి వచ్చిన ఉద్యోగి కుళాయిలన్నీ కట్టేయించి, మీటరులో ఇంకా నెమ్మదిగా తిరుగుతున్న చిన్న చక్రాన్ని చూపించారు. ఆపై ఫ్లష్ ట్యాంకులో కాస్త రంగు కలిపి, మీట నొక్కకుండా ఆగమన్నారు. పావుగంటకల్లా ఆ రంగు కిందికి దిగింది. అరిగిపోయిన రబ్బరు వాషరు గుండా ఎన్నాళ్లుగా నీరు పోతోందో తలచుకుంటే బాధ కలిగింది.

రోజు విడిచి రోజు సరఫరా మొదలయ్యాకే చిక్కు వచ్చింది. ఉదయం ఆరు గంటలకని ప్రకటించిన నీరు ఒకనాడు అర్ధరాత్రి, మరొకనాడు మధ్యాహ్నం వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు జనం దొరికిన ప్రతి పాత్రా నింపుకుంటారు, కొత్త నీరు రాగానే నిల్వ నీటిని పారబోస్తారు, కుళాయిలు తెరిచి ఉంచే నిద్రపోతారు. పొదుపు కోసం పెట్టిన కోతే ఈ విధంగా వృథాకు దారితీస్తోంది. గొట్టం చివరన, మిట్ట మీద ఉన్న ఇళ్లకైతే సన్నని ధార అందేసరికే వేళ ముగిసిపోతుంది. అక్కడి వృద్ధులు బిందెలతో కింది వీధికి దిగవలసి రావడాన్ని నేను ఏ రకంగానూ సమర్థించలేను.

ఆరోగ్యం సంగతీ ఉంది. సరఫరా ఆగి గొట్టం ఖాళీ అయినప్పుడు పగుళ్ల ద్వారా చుట్టుపక్కల మురుగు లోపలికి చేరే ప్రమాదం ఉంటుంది. ఇంటికి చేరే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చివరి ఇళ్ల కుళాయిల వద్ద ఆ పరీక్ష చేసి, ఫలితాలను ప్రకటించమని రెండుసార్లు అడిగాను. ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు గానీ జవాబు రాలేదు.

2018లో కేప్‌టౌన్ నగరం మనిషికి రోజుకు 50 లీటర్ల పరిమితి పెట్టి, ఒత్తిడి తగ్గించి, కుళాయిలు మూతపడే రోజును తప్పించుకోగలిగింది. మా సంస్థ కూడా వేళలను కోసే బదులు పరిమాణాన్ని నియంత్రించే మార్గాన్ని పరిశీలించాలి. అంతవరకు, వాల్వు తిప్పే ముందు వీధివారీగా ఒక సందేశం పంపినా మాకు ఎంతో మేలు. ప్రస్తుతానికి ఐదింటికి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. అందులో రెండు ఆ తనిఖీ సిబ్బందికే.