ఇండోర్ మ్యాచ్‌లకి ఫుల్‌ఫ్రేమ్ కొంటున్నారా? సీల్డ్ పీస్ అని వాడేసిన బాడీ పంపుతున్నారు, జాగ్రత్త

షటిల్, కబడ్డీ, వాలీబాల్ లాంటివి హాల్లో తీసే మన గోదారి జిల్లాల ఫోటోగ్రాఫర్లలో ఎవరైనా ఫుల్‌ఫ్రేమ్‌కి, అంటే వెలుగుని పట్టే సెన్సార్ పెద్దగా ఉండే కెమెరాకి, మారదామని చూస్తుంటే, అందులోనూ ఫోన్లో బేరమాడి పార్సిల్లో తెప్పించుకుందామనుకుంటే, డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నాకు కొత్త సీల్డ్ పీస్ అని చెప్పి లక్ష క్లిక్కులు దాటిన గ్రే మార్కెట్ బాడీ (కంపెనీ అధికారిక దారిలో రాని, లెన్సు లేని ఒట్టి కెమెరా) పంపారు. కేసు నడుస్తోంది కాబట్టి షాపు పేరు రాయను. కెమెరా కంపెనీ పేరు కూడా రాయట్లేదు, ఇందులో వాళ్ల తప్పు లేదు. ఎలా అమ్ముతున్నారో మాత్రం పూర్తిగా చెబుతాను.

మాది పెళ్లిళ్ల స్టూడియో, ద్రాక్షారామం దగ్గర. మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా పెళ్లిళ్లు ఆగిపోతాయి, అప్పుడు షాపు అద్దె కట్టాలంటే స్కూలు ఫంక్షన్లు, టోర్నమెంట్లే దిక్కు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2022లో థామస్ కప్ గెలిచిన జట్టులో ఉన్నాడు, మరుసటి ఏడాది చిరాగ్ శెట్టితో కలిసి ఆసియా క్రీడల్లో డబుల్స్ స్వర్ణం కొట్టాడు, ఇక మా వైపు పిల్లల్ని షటిల్‌లో చేర్పించడం బాగా పెరిగింది. చేర్పించిన తల్లిదండ్రులు ఫోటోలు కూడా అడుగుతారు. స్మాష్ కొడుతూ గాల్లో ఉన్న ఫోటో కావాలి, మళ్లీ ముఖం వాట్సాప్ డీపీకి పనికొచ్చేంత స్పష్టంగా ఉండాలి. కోర్టులు చూస్తే రేకుల షెడ్లు, పైన రెండు మూడు వరసల ఎల్ఈడీలు, వాటిలో సగం తెలుపు, సగం పసుపు. ఆటగాడికి షటిల్ కనిపించడానికి ఆ వెలుగు చాలు, కెమెరాకి చాలదు. స్మాష్ కదలకుండా ఆగాలంటే షట్టర్ కనీసం 1/1000, అంటే సెకనులో వెయ్యో వంతు, పెట్టాలి. ఫ్లాష్ కొడదామంటే అంపైర్ ఊరుకోడు.

సరిగ్గా ఈ అవసరం మీదే వాళ్లు వల వేస్తారు. ఒక పెద్ద నగరంలోని షాపు, ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపుల్లో వాళ్ల రేట్ల పట్టీ తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ చేస్తే ఆ అబ్బాయి ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, "అన్నయ్యా, మీరింకా క్రాప్ బాడీతోనే ఇండోర్ చేస్తున్నారా? ఫుల్‌ఫ్రేమ్ పట్టుకున్నాక ఐఎస్ఓ ఎంతకి పెంచినా గ్రెయిన్స్ రావండీ, చీకట్లో కూడా పగల్లా ఉంటుంది. మీ పాత లెన్సులన్నీ దీనికి పడతాయి. సీల్డ్ పీస్, రెండేళ్ల వారంటీ, బిల్లు బాక్సులోనే పెట్టేస్తాం" అన్నాడు. క్రాప్ బాడీ అంటే చిన్న సెన్సార్ ఉన్నది. ఐఎస్ఓ అంటే వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో పెట్టే అంకె, అది పెంచేకొద్దీ ఫోటోలో గరుకు చుక్కలు వస్తాయి, వాటినే గ్రెయిన్స్ అనీ నాయిస్ అనీ అంటాం. బయటి రేటు కంటే ఇరవై వేలు తక్కువ. ఒక ఎఫ్ 4 జూమ్ లెన్సు (ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లోపలికి అంత ఎక్కువ వెలుగు) కూడా కలిపి ఇస్తామన్నారు. కెమెరా గురించి అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క నిజం కాదు.

ఆర్టీసీ కార్గోలో డబ్బా వచ్చింది. విప్పేటప్పుడు మా అసిస్టెంట్ కుర్రాడు మొదటి నుంచి చివరిదాకా వీడియో తీశాడు, కేసులో ఇప్పుడు అదే మాకు ఆధారం. డబ్బా మీద సీలు ఉంది గానీ అది ఎవరైనా రోల్ కొనుక్కుని అంటించుకోగలిగే మామూలు గుండ్రటి స్టిక్కరు. ఎమ్మార్పీ స్టిక్కరు లేదు. దిగుమతి చేసిన సరుకు ఏదైనా మన దేశంలో ప్యాకెట్లో అమ్మాలంటే దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ డబ్బా మీద ఉండాలని తూనికలు కొలతల చట్టం కింద 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. అవేమీ లేని డబ్బా అంటే అధికారిక దారిలో రాలేదన్నమాట. వారంటీ కార్డు అని పెట్టిన దాని మీద కంపెనీ ముద్ర లేదు, షాపు రబ్బరు స్టాంపు ఉంది. బిల్లు అన్న కాగితం మీద పైన "ఎస్టిమేట్" అని ఉంది, జీఎస్టీ నంబరు ఎక్కడా లేదు.

బాడీ చేతిలోకి తీసుకుంటే పైన ఫ్లాష్ తగిలించే హాట్‌షూ పట్టాలు రెండు పక్కలా గీసుకుపోయి లోపలి లోహం మెరుస్తోంది. కింద ట్రైపాడ్ స్క్రూ చుట్టూ గుండ్రంగా అరుగుదల. కొత్త కెమెరాకి ఇవెలా వస్తాయండీ? ఒక ఫోటో తీసి ఆ ఫైల్ని కంప్యూటర్లో ఎక్సిఫ్ (ఫోటో ఫైల్లోనే దాగి ఉండే వివరాలు) చూపించే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే షట్టర్ కౌంట్ లక్ష పైచిలుకు చూపించింది. ఈ తరగతి బాడీలకి కంపెనీలు చెప్పే షట్టర్ ఆయుష్షు సాధారణంగా లక్షన్నర, కొన్నిటికి రెండు లక్షలు. టోర్నమెంట్లో బరస్ట్ మోడ్‌లో, అంటే బటన్ నొక్కిపట్టి వరసగా, కొట్టేవాళ్లకి మిగిలిన యాభై వేలు ఎన్నాళ్లొస్తాయో లెక్క వేసుకోండి. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళితే సీరియల్ నంబరు కొట్టి చూసి, ఇది ఇండియాలో అమ్మడానికి వచ్చిన పీసు కాదు, వారంటీ వర్తించదు అని రాసిచ్చారు. ఆ కాగితం అడిగి తీసుకోవడం చాలా ముఖ్యం, నోటిమాటగా చెబితే తర్వాత ఎందుకూ పనికిరాదు.

షాపుకి ఫోన్ చేస్తే మొదట, "కంపెనీ టెస్టింగులోనే అన్ని క్లిక్కులు పడతాయి సార్" అన్నాడు. అన్నయ్య కాస్తా సార్ అయిపోయాను. టెస్టింగులో లక్ష ఫోటోలు ఎవడు కొడతాడు? ఆ తర్వాత "షాప్ వారంటీ ఉంది కదా, పాడైతే పంపండి" అన్నాడు. వెనక్కి తీసుకోమంటే ముప్ఫై శాతం కోత, అది కూడా డబ్బు రూపంలో ఇవ్వరట, ఇంకో బాడీ తీసుకోవాలట. చివరికి నంబరు బ్లాక్ చేశాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ బాడీ నిజంగా కొత్తదే అయి ఉన్నా, వాళ్లు కలిపి ఇచ్చిన లెన్సుతో షటిల్ కోర్టులో పని జరిగేది కాదు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు, క్రాప్‌ది సుమారు 23.5×15.6. వైశాల్యంలో రెండు రెట్లకి పైన, అంటే నాయిస్ విషయంలో కలిసొచ్చేది ఒక స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు), మహా అయితే ఒకటింపావు. అది నిజమైన లాభమే, కాదనను. కానీ లెన్సు ఎఫ్ 4 నుంచి ఎఫ్ 1.8కి మారితే రెండు స్టాపులకి పైనే లాభం. మా షెడ్లలో 1/1000 దగ్గర ఎఫ్ 2.8 పెడితే ఐఎస్ఓ 6400 దాకా వెళ్లాలి. అదే చోట ఎఫ్ 4 అయితే 12800, ఎఫ్ 5.6 కిట్ లెన్స్ అయితే 25600, ఎఫ్ 1.8 అయితే 2500 చాలు. ఫుల్‌ఫ్రేమ్‌లో 12800 నాయిస్ ఎంతుంటుందో, అదే కాలపు సెన్సార్ ఉన్న క్రాప్‌లో ఇంచుమించు 5000, 5600 దగ్గర అంత ఉంటుంది. మరి క్రాప్ బాడీ మీద 85 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు పెట్టి 2500లో తీస్తే, లక్షన్నర పోసిన ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్ 4 జూమ్ కంటే ఫోటో శుభ్రంగా వస్తుంది. ఫోకస్‌లో ఉండే లోతు తగ్గుతుంది, కొన్ని ఫ్రేములు పోతాయి, నిజమే. అయినా బ్లర్ అయిన పది ఫోటోల కంటే కంటి మీద ఫోకస్ పడ్డ నాలుగు నయం. అమ్మేవాడు ఈ లెక్క చెప్పడు, ఎందుకంటే 85 ఎఫ్ 1.8 అమ్మితే వాడికి మిగిలేది ఎంతని!

"పాత లెన్సులన్నీ పడతాయి" అన్నది ఇంకా పెద్ద మోసం. కెనాన్‌లో క్రాప్ కోసం చేసిన ఈఎఫ్-ఎస్ లెన్సులు ఫుల్‌ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి (లోపల అద్దం ఉండే కెమెరా) అసలు బిగవవు. నికాన్, సోనీల్లో క్రాప్ లెన్సులు బిగుస్తాయి, కానీ కెమెరా సెన్సార్‌లో మధ్య భాగం మాత్రమే వాడుకుంటుంది, 24 మెగాపిక్సెళ్లు కాస్తా 10కి పడిపోతాయి. ఫుల్‌ఫ్రేమ్ కొని మళ్లీ క్రాప్ ఫోటో తీసుకోవడానికా అంత డబ్బు? దూరం సంగతి కూడా ఎవరూ చెప్పరు. షటిల్ కోర్టు పొడవు 13.4 మీటర్లు. మన షెడ్లలో గీతకీ గోడకీ మధ్య మనిషి కూర్చునేంత జాగానే ఉంటుంది, అక్కడి నుంచి నెట్ అవతల పన్నెండు మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడిని 85తో నిలువు ఫ్రేములో తీస్తే, క్రాప్ బాడీలో ఫ్రేములో సగం నిండుతాడు, ఫుల్‌ఫ్రేమ్‌లో మూడో వంతు. అక్కడి నుంచి కత్తిరించుకుంటూ పోతే ఆ పెద్ద సెన్సార్ వల్ల వచ్చిన లాభం మనమే పారేసుకున్నట్టు. కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ అంటే 70-200 ఎఫ్ 2.8 లేదా 135 లాంటి లెన్స్ ఖర్చు కూడా కలుపుకునే బడ్జెట్ వేసుకోవాలి. బాడీ రేటు ఒక్కటే చూసుకుని దిగకండి.

స్పోర్ట్స్‌కని చెప్పి పాత కెనాన్ 6డీ అంటగట్టేవాళ్లు కూడా ఉన్నారు. పోర్ట్రెయిట్లకి అది మంచి కెమెరానే, కానీ సెకనుకి 4.5 ఫ్రేములు, 11 ఫోకస్ పాయింట్లతో కబడ్డీ రైడ్ వెంటపడటం కష్టం. అంతకంటే క్రాప్‌లోనే నికాన్ డీ500, కెనాన్ 7డీ మార్క్ 2 సెకనుకి 10 ఫ్రేములు కొడతాయి, ఆటలకనే తయారుచేసినవి.

లైట్ల మినుకు గురించి ఒక మాట. మన కరెంటు 50 హెర్ట్జ్, చవక ఎల్ఈడీలు, ట్యూబ్‌లైట్లు సెకనుకి వందసార్లు ఎక్కువ తక్కువ అవుతాయి. 1/1000లో తీస్తే ఒక ఫ్రేము వెలుగుగా, తర్వాతది చీకటిగా, రంగు కూడా మారి వస్తుంది. ఏ ఫుల్‌ఫ్రేమ్ అయినా దీన్ని తనంతట తను ఆపలేదు, యాంటీ ఫ్లికర్ అనే సదుపాయం ఉందో లేదో చూసుకోవాలి. అది ఉన్నా కరెంటు పోయి జనరేటర్ మీద మ్యాచ్ నడుస్తుంటే, జనరేటర్ వేగం అటూ ఇటూ అవుతుంటే, సరిగ్గా పట్టుకోలేకపోవచ్చు. "సైలెంట్ షట్టర్ ఉందండీ, ఆటగాళ్లకి ఇబ్బంది ఉండదు" అని మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరా) అమ్ముతారు. చాలా బాడీల్లో ఆ ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఈ లైట్ల కింద ఫోటో నిండా అడ్డగీతలు పడతాయి, రాకెట్ వంకరగా వస్తుంది. కొనేముందు రాజమండ్రిలోనో విజయవాడలోనో అదే మోడల్ ఒక రోజుకి అద్దెకి తెచ్చుకుని మీరు తీసే షెడ్డులోనే తీసి చూడండి. షోరూములో తీసిన ఫోటో చూసి ఏమీ తెలియదు.

ఇక డబ్బు కట్టే ముందు సీరియల్ నంబరు ఫోటో అడగండి, దాన్ని సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి. జీఎస్టీ నంబరు అడిగి ప్రభుత్వ జీఎస్టీ వెబ్‌సైట్లో కొట్టి చూడండి, అది 15 అక్షరాలు, మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్, ఆంధ్రకి 37, తెలంగాణకి 36, తమిళనాడుకి 33. షాపు ఒక రాష్ట్రంలో, నంబరు ఇంకో రాష్ట్రంలో ఉంటే ఎందుకో అడగాలి. "బిల్లు కావాలంటే 18 శాతం అదనం" అన్నవాడి దగ్గర ఫోన్ పెట్టేయండి. నికాన్, సోనీల్లో షట్టర్ కౌంట్ ఫోటో ఫైల్లోనే దొరుకుతుంది, కాబట్టి ఆ బాడీతో అప్పటికప్పుడు తీసిన ఒరిజినల్ ఫైల్ పంపమనండి, వాట్సాప్‌లో ఫోటోలా పంపితే ఆ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపాలి. కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లలో చాలావాటికి కేబుల్ పెట్టి చూడాల్సిందే. పాత లెన్స్ అయితే వెనక నుంచి టార్చ్ వేసి ఫంగస్ చూడండి, మన సముద్రపు గాలికి, తేమకి బీరువాలో పెట్టిన లెన్సులో కూడా సాలెగూడులా పాకుతుంది.

మోసపోయినవాళ్లు ముందు 1915కి ఫోన్ చేయండి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. నా ఫిర్యాదుకి షాపు జవాబు ఇవ్వలేదు, అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. 2019 చట్టం వచ్చాక షాపు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే చోటే కేసు వేయొచ్చు, ఆన్‌లైన్లో కూడా వేయొచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. వాళ్ల తరఫు నుంచి వచ్చిన మొదటి అభ్యంతరం "స్టూడియో వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడు కాడు" అని. దీనికి భయపడి చాలామంది ఆగిపోతారు. సొంతంగా పని చేసుకుని బతకడానికి కొన్న వస్తువుని వాణిజ్య అవసరంగా లెక్క వేయరని చట్టంలోనే వివరణ ఉంది, మా లాయరు గారు దాని మీదే జవాబు వేశారు. ఇంకా తేలలేదు, తేలాక రాస్తాను. ఈలోగా టోర్నమెంట్లు పాత క్రాప్ బాడీ మీద 85తోనే నడుస్తున్నాయి.

మీలో ఎవరికైనా ఇలాగే "ఎస్టిమేట్" కాగితంతో బాడీ వచ్చి ఉంటే ఆ కాగితం, డబ్బా, పార్సిల్ రసీదు పారేయకండి, చెల్లించిన యూపీఐ స్క్రీన్‌షాట్, వాళ్లు పంపిన మెసేజీలు విడిగా దాచుకోండి. ఫిర్యాదుకి గడువు రెండేళ్లే.